నల్ల చుక్కల వారం

మంగళవారం పొద్దున ఆఫీసు గదికి రమ్మని కబురొస్తే, పనిలో తొడుక్కునే కొత్త గౌన్లు వచ్చాయేమో అనుకుంది డేగక్క. పాతవి చంకల దగ్గర చిరిగి ఆరు నెలలయింది. అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. తీరా వెళ్లి చూస్తే బల్ల మీద గౌన్లు లేవు, ఒక ఇంజెక్షన్ సీసా ఉంది. దానికి అటు క్వాలిటీ ఆఫీసరు, ఇటు సూపర్‌వైజరు మొహాలు మాడ్చుకుని నిలబడి ఉన్నారు.

చూడమన్నాడు సూపర్‌వైజరు. ఆమె సీసా మెడని రెండు వేళ్లతో పట్టుకుని, ఒకసారి తలకిందులు చేసి, నిలబెట్టి, మెల్లిగా తిప్పి కిటికీ వెలుతురుకి ఎత్తింది. పదకొండేళ్లుగా రోజుకి నాలుగైదు వేల సీసాలకి చేస్తున్న పని అది. మందు తేటగా ఉంది. అడుగు నుంచి ఒక గాజు పెంకు లేచింది. కత్తిరించిన గోరంత పొడవు. తిరుగుతూ తళుక్కుమంది.

ఇది బయటికెలా పోయిందని అడగబోయి మానేసింది. ఎలా పోతుంది, వాళ్ల చేతుల మీదుగానే పోతుంది.

ఎక్కడో ఒక ఆస్పత్రిలో నర్సు మందు లాగబోతూ ఊరికే పైకెత్తి చూసిందట. చూసింది కాబట్టి ఒక ప్రాణం నిలిచింది. ఇప్పుడు ఆ రోజు సరుకంతా వెనక్కి వస్తోంది. ట్రే చీటీ మీద రెండో నంబరుంది. రెండో బల్ల అంటే బాలింతది.

డేగక్క అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరేం కాదు. తనిఖీ హాల్లో పద్నాలుగు బల్లలుంటే మొదటిది ఆమెది. సీసాలో నలక పడాలని అనుకుంటుండగానే పట్టేస్తుందని ఎవరో అన్నారు, పేరు అతుక్కుపోయింది. పైకి విసుక్కుంటుంది గానీ లోపల ఆమెకి ఆ పేరంటే మహా ముచ్చట. బాలింత ఆమె పక్క బల్ల. బిడ్డకి ఏడో నెల నడుస్తున్నా హాల్లో అందరికీ ఆమె ఇంకా బాలింతే. బిడ్డ నిద్రపోనివ్వదు, పొద్దున్నే బస్సు. నల్ల మచ్చలు ముందు దీని కళ్ల కింద ఏరెయ్యాలర్రా అని ఏడిపించేవాళ్లు. ఆమె కూడా నవ్వేది.

పని చెప్పుకోవడానికి సులువే. ప్రతి బల్ల మీదా లైటున్న ఒక గూడు, గూడు వెనక సగం నల్ల పలక, సగం తెల్ల పలక. గాజు, దారప్పోగులు నల్ల పలక మీద తేలతాయి. రబ్బరు మూత పొట్టు, నల్ల నలకలు తెల్ల పలక మీద తేలతాయి. రెండేసి సీసాలు పట్టుకుని నలుపు ముందు అయిదు సెకన్లు, తెలుపు ముందు అయిదు సెకన్లు చూడాలి. అయిదు సెకన్లకోసారి గోడ మీది పెట్టె టిక్కుమంటుంది. చెడ్డవి ఎర్ర ట్రేలోకి, మంచివి తెల్ల ట్రేలోకి. పూట అయ్యాక చీటీ మీద సంతకం. నేను చూశాను, అని.

ఆ సరుకు తయారైన వారం నల్ల చుక్కల వారం. అంతకు ముందు సరుకులో మూత పొట్టు బయటపడి పైవాళ్లు సూపర్‌వైజరు మీద నిప్పులు కక్కారు. అతను వచ్చి ఆ నిప్పులు డేగక్క మీద దులిపాడు. డేగక్క బల్లబల్లకీ తిరిగి, నల్ల చుక్కల మీదే కన్నుంచండి, ఒక్క నల్ల చుక్క దాటినా ఊరుకోను అని చెప్పింది. బాలింత దగ్గర ఇంకో మాట ఎక్కువే చెప్పింది, నీ మీద అందరికీ అనుమానం, నల్లది పోయిందంటే నిన్ను ఆ దేవుడు కూడా కాపాడలేడు అని. అదంతా నోటి మాటే. పుస్తకంలో ఎక్కడా లేదు.

ఆఫీసరు బాలింతని పిలిపించాడు. చూశాను సార్, ప్రతి సీసా చూశాను, అందామె. మరి ఇదెలా పోయిందంటే తెలియదంది. ఇంతకంటే ఇంకేం చెప్పలేదు. గంటసేపు అడిగినా అదే మాట.

సూపర్‌వైజరు డేగక్కని వరండాలోకి తీసుకెళ్లి మెల్లిగా చెప్పాడు. కునుకు పట్టిందని రాసిచ్చేస్తే చాలు, మనుషులన్నాక జరుగుతుంది, వారం రోజులు ఇంట్లో కూర్చోబెట్టి మళ్లీ తీసుకుంటారు. ఇలా మొండికేస్తే మాత్రం అబద్ధాలకోరు కింద లెక్క. నీ మాటంటే వింటుంది, నువ్వు చెప్పు, అన్నాడు.

డేగక్కకి అందులో తప్పేమీ తోచలేదు. గోరంత పెంకు. మేలుకుని ఉన్న మనిషికి కనబడకుండా ఎలా పోతుంది? చెప్పులు మార్చుకునే గదిలో బెంచీ మీద కూర్చోబెట్టి నచ్చజెప్పింది.

"నిద్ర రావడం నేరమేం కాదే పిల్లా. బిడ్డ తల్లివి. రాసిచ్చేసి గండం గట్టెక్కు."

"నేను నిద్రపోలేదక్కా."

"మేలుకుని ఉంటే గాజు కనబడకుండా ఎలా ఉంటుంది? మరి చూసి కూడా వదిలేశావా? ఏది మేలు, నువ్వే చెప్పు."

బాలింత వంగి చెప్పులు సర్దుకుంది. తర్వాత కాగితం అడిగింది. ఏం రాయాలో తోచక పెన్ను పట్టుకుని కూర్చుంటే డేగక్కే ఒక్కో ముక్కా చెప్పి రాయించింది.

బుధవారం మధ్యాహ్నానికల్లా ఆ కాగితం ఆధారంగా బాలింతని ఉద్యోగంలోంచి తీసేస్తూ ఉత్తర్వు వచ్చింది. పని వేళలో నిద్ర అని రాశారు. ఆ మాట రాసిన కాగితం వెంట ఉంటే ఇంకే మందుల కంపెనీ గేటు దాటనివ్వదు. డేగక్క పరిగెత్తుకుంటూ వెళ్లి సూపర్‌వైజరుని పట్టుకుంది. పైవాళ్ల నిర్ణయం, నాదేముంది అని అతను చేతులు దులిపేసుకున్నాడు. శనివారం ఒక విచారణ ఉంటుందనీ, ఆమె తరఫున ఎవరైనా సాక్ష్యం చెబితే వింటారనీ మాత్రం అన్నాడు. వెళ్లబోతూ, ఇవాళ్టి నుంచి గాజు మీదే కన్నుంచమను అందరినీ, అని గుర్తు చేశాడు.

గురువారం డేగక్క వంతు వచ్చింది. వారం రోజులుగా కంపెనీ చివర గదిలో ఎక్కడి నుంచో వచ్చిన పరిశోధకురాలు ఒకామె, తనిఖీవాళ్లని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పరీక్ష చేస్తోంది. తలకి తడి తడిగా, నిండా తీగలున్న టోపీ పెడుతుంది కాబట్టి అందరూ టోపీ మేడం అంటారు. ఆమె పరీక్ష కంపెనీ కోసం కూడా కాదు, తన చదువు కోసమట. ఎవరి ఫలితం వాళ్లకి తప్ప ఇంకెవరికీ చెప్పనని మొదటే కాగితం మీద రాసిచ్చింది.

ఎప్పటి గూడే, ఎప్పటి పలకలే. ఎదురుగా చిన్న కెమెరా ఒకటి కంటిపాప ఎటు తిరిగితే అటు చూస్తుంది. టోపీలోంచి తీగలు పెట్టెలోకి పోయాయి. నాలుగు వందల సీసాలు. నల్ల చుక్కలున్నవి ఏరమంది మేడం. డేగక్క నడుం నిటారు చేసుకుని మొదలుపెట్టింది. తిప్పడం, నిలపడం, నలుపు, తెలుపు. ముప్పయ్యారు ఏరింది. అయిపోయాక, ఎన్ని వదిలానని అడిగింది, జవాబు తెలిసినట్టే.

"నల్లవి ఒక్కటీ వదల్లేదమ్మా," అంది మేడం. "ఇంతవరకు ఎవరూ ఇలా చెయ్యలేదు."

డేగక్క మొహం చాటంతయింది. టోపీ తీసేలోపే ఈ సంగతి హాల్లో ఎవరితో ముందు చెప్పాలా అని ఆలోచించింది.

మేడం తెల్ల ట్రేలోంచి కొన్ని సీసాలు తీసి ఒక వరసలో పెట్టింది. ఇరవై నాలుగు. ఒకటి తిప్పి చూపించింది. గాజు పెంకు. ఇంకోటి తిప్పింది. గాజు పెంకు. డేగక్క గబగబా తనే తిప్పి చూసుకుంది. అన్నింట్లోనూ ఉంది. కొన్నింట్లో బాలింత వదిలినదానికంటే పెద్దది.

ఇవి ఇప్పుడు కలిపారా అని అడిగింది.

మేడం కంప్యూటరు తిప్పి చూపించింది. తెర మీద సీసా బొమ్మ, దాని మీద ఒక ఎర్ర చుక్క. ఆ ఎర్ర చుక్క డేగక్క చూపు. అది సీసాలో పైనుంచి కిందికి దిగి, గాజు పెంకు దగ్గరికి వచ్చి, సరిగ్గా దాని మీదే కాసేపు ఆగి, పక్కకి పోయింది. తర్వాత మేడం రెండు గీతలు చూపించింది. నల్ల చుక్కలున్న సీసాలన్నీ కలిపితే తలలోంచి వచ్చిన గీత ఒకటి, గాజున్న సీసాలన్నీ కలిపితే వచ్చిన గీత ఒకటి. మొదటిది చెంగున పైకి లేచింది. రెండోది ఏమీ లేని సీసాల గీత కంటే పిసరంత కూడా లేవలేదు.

"చూశారమ్మా మీరు. కన్ను సరిగ్గా దాని మీదే నిలబడింది," అంది మేడం. "కానీ నల్లది కావాలని మీరు మెదడుకి ముందే చెప్పి ఉంచారు. అడిగినదానికి అది గట్టిగా పలుకుతుంది. అడగనిదానికి గొంతు తగ్గించేస్తుంది. కష్టపడి వెతికేవాళ్లకి ఇంకా ఎక్కువ తగ్గుతుంది."

నిద్రపోతే ఇలాగే ఉంటుందా అని అడిగింది డేగక్క. నిద్రలో గీతలే వేరుగా ఉంటాయంది మేడం, మీరు నూటికి నూరుపాళ్లు మేలుకుని ఉన్నారు. ఈ గీతలు కాగితం మీద తీసి నాకిస్తారా, ఒక పిల్ల ఉద్యోగం పోతోంది అని అడిగితే, మేడం మొహం చిన్నబోయింది. కావాలంటే ఇస్తాను, అది మీ ఫలితమే, కానీ అది ఆ అమ్మాయి తలలోది కాదు కదమ్మా, ఆ రోజు ఆమెకేం జరిగిందో ఇది చెప్పలేదు అంది.

డేగక్క హాల్లోకి వెళ్లలేదు. చేతులు కడుక్కునే చోట కొళాయి తిప్పి అలా నిలబడిపోయింది. పెన్ను పట్టుకుని ఏం రాయాలో తోచక కూర్చున్న పిల్ల కళ్లముందు కదిలింది. నిజం చెబుతున్న మనిషి చేత తన నోటితో అబద్ధం చెప్పి రాయించింది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

సాయంత్రం ఇంట్లో అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంటే, భర్త రెండు మూడుసార్లు దగ్గాడు. వాచీలు బాగుచేసే మనిషి, మాట పొదుపు. చివరికి ఆగలేక, మొన్న మీసం తీసేశాను, డేగలాంటి కళ్లుండీ ఏం లాభం, అన్నాడు. ఇంకో రోజైతే ఇద్దరూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆమె ఆయన మొహాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. మూడు రోజులుగా ఆ మొహానికే కాఫీ అందిస్తోంది. ఆయన కంగారుపడి, బాగాలేదా, మళ్లీ పెంచేస్తాలే అన్నాడు.

శుక్రవారం పని దిగగానే బాలింత ఇంటికి వెళ్లింది. రెండు గదులు, ఒకే కిటికీ. చాప మీద బిడ్డ కాళ్లాడిస్తోంది. అత్తగారు కుట్టుమిషను దగ్గర్నుంచి తలెత్తకుండానే, నిద్రపోయేదాన్ని ఎవరు పెట్టుకుంటారులెండి అంది. వచ్చిన సంగతేంటో కనుక్కోకుండానే ఆ మాట అనేసింది.

డేగక్క చెప్పాల్సిందంతా చెప్పింది. టోపీ, ఎర్ర చుక్క, లేచిన గీత, లేవని గీత. నేను ఇరవై నాలుగు వదిలానే, మేలుకుని, కళ్లల్లో వత్తులు వేసుకుని చూస్తూ వదిలాను అంది. నువ్వు చెప్పింది నిజం, నేనే నిన్ను నమ్మలేదు అంది. ఈ మాట చెప్పడానికి బస్సులో దారంతా కూడదీసుకుంటూ వచ్చింది.

బాలింత బిడ్డ చొంగ తుడుస్తూ వింది. మొహంలో ఏ మార్పూ లేదు.

"నేను నిద్రపోయానక్కా," అంది.

"పోలేదే. చెబుతున్నా కదా."

"పోయాను. ఇప్పుడు గుర్తొస్తోంది కూడా. మూడో ట్రే దగ్గర తల వాలింది. ఆ పెట్టె టిక్కుమంటే ఉలిక్కిపడి లేచాను." కాస్త ఆగి, "చూస్తే కనబడదా అక్కా? గాజు. కనబడకుండా ఎలా ఉంటుంది?" అంది.

అవి సరిగ్గా తన మాటలే. మంగళవారం నాడు బెంచీ మీద తను అన్న మాటలు ఆ పిల్ల మొదట చేత్తో రాసింది, తర్వాత మూడు రోజులు కూర్చుని లోపల నిజం చేసుకుంది. అందరూ నిద్రపోయావంటున్నారు, అత్తగారు, మొగుడు, కంపెనీ, చివరికి తను. ఒక్క మనిషి ఎంతకని నిలబడుతుంది? రేపు విచారణలో నోరు విప్పకు, నేను మాట్లాడతాను అని మాత్రం చెప్పి డేగక్క లేచింది. బాలింత గుమ్మం దాకా వచ్చి, నా కోసం నువ్వు మాటపడకక్కా, అంది.

శనివారం విచారణకి ఆఫీసరు, సూపర్‌వైజరు, రాసుకోవడానికి ఒక గుమాస్తా కూర్చున్నారు. బాలింతని బయట బెంచీ మీద ఉండమన్నారు. డేగక్క నిలబడే మాట్లాడింది. నల్ల చుక్కలే చూడమని ఆ వారం అందరికీ చెప్పింది నేనే సార్, అంది. పుస్తకంలో ఉందా అని అడిగాడు ఆఫీసరు. లేదు. సూపర్‌వైజరు గారు చెబితేనే చెప్పానంది. సూపర్‌వైజరు సీలింగు ఫ్యాను వైపు చూస్తూ, జాగ్రత్తగా చూడమన్నాను, మిగతావి చూడొద్దని ఎందుకంటాను అన్నాడు. అదీ నిజమే. చూడొద్దని ఎవరూ అనలేదు.

గీతల కాగితం ఇచ్చింది. ఆఫీసరు దాన్ని శ్రద్ధగానే చదివాడు. చెడ్డవాడేం కాదు, కాగితం దాటి ఆలోచించలేనివాడు, అంతే. ఇది మీ గురించి అమ్మా, ఆమె గురించి కాదు, అని తిరిగి ఇచ్చేశాడు. నా ముందు ఒకే ఒక్క ప్రశ్న ఉంది, ఆమె నిద్రపోయిందా లేదా. పోయానని ఆమే రాసిచ్చింది. కాదని చెప్పాలంటే చూసినవాళ్లు కావాలి.

"మీరు పక్క బల్లే కదా. ఆ పూట ఆమె మెలకువగా ఉందని మీరు కళ్లారా చూశారా?"

డేగక్క ఆ పూటని గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. మూరెడు దూరం. చెయ్యి చాపితే భుజం తగులుతుంది. తెల్ల పలక గుర్తుంది. దాని మీద తను పట్టిన మూత పొట్టు, కామాలా వంకర తిరిగినది, ఇంకా గుర్తుంది. పక్కన మనిషి గుర్తు లేదు. తల వాల్చిందో లేదో, దగ్గిందో లేదో, అసలు టీ తాగాక తిరిగొచ్చి కూర్చుందో లేదో కూడా తెలియదు. నాలుగు గంటలు పక్కపక్కన కూర్చున్నారు. ఒక్కసారి కూడా ఆ పిల్లని చూసిన గుర్తు లేదు.

పదకొండేళ్లలో చూడనిదాని మీద ఆమె ఎప్పుడూ సంతకం పెట్టలేదు.

"చూశాను సార్," అంది. "మెలకువగానే ఉంది."

"ఎంతసేపు చూశారు?"

"పూటంతా."

గుమాస్తా పెన్ను ఆగింది. సూపర్‌వైజరు ఫ్యాను మీంచి కళ్లు దించాడు. ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"పూటంతా ఆమెను చూస్తూ కూర్చుంటే మీ సీసాలు ఎవరు చూశారమ్మా?"

ఇంత చిన్న సంగతి ఆమెకి తట్టలేదు. మధ్యమధ్యలో చూశానంటే సరిపోతుంది, తనకి ఏమీ కాదు. కానీ ఆ మధ్యలోనే కునుకు తీసిందంటారు, మూడో ట్రే దగ్గర తీశానని ఆ పిల్లే ఒప్పుకుంటుంది. ఆఫీసరు తొందరపెట్టలేదు. తలుపు అవతల బెంచీ కిర్రుమంది.

"ఎవరూ చూడలేదు సార్," అంది డేగక్క. "రాసుకోండి."

గుమాస్తా రాశాడు. ఆమె కాగితం అందుకుని, అలవాటు కొద్దీ మొదటి నుంచి చివరి దాకా చదివింది. మొత్తం అబద్ధమే. కింద సంతకం పెట్టింది.

సోమవారం బాలింతని తిరిగి రమ్మన్నారు. అదే రోజు డేగక్కని తనిఖీ హాల్లోంచి తీసి అట్టపెట్టెలు మడిచే షెడ్డుకి పంపారు. పాత ఉద్యోగి కాబట్టి ఇంటికి పంపకుండా వదిలామన్నారు. షెడ్డులో పలకలు లేవు, టిక్కుమనే పెట్టె లేదు. అట్ట మడతపెట్టి, అంచు నొక్కి, టేపు లాగడం. చూడకుండానే చెయ్యొచ్చు. అక్కడివాళ్లకి డేగక్క అన్న పేరు తెలియదు, ఆమె చెప్పనూ లేదు. మొదటి రోజు టేపు అంచు బొటనవేలు కోసింది. ఆ పిల్ల అన్నానికి లోటు లేదు కదా అనుకుని గుడ్డ చుట్టుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని రెండు రోజులు హాయిగానే గడిపింది.

బుధవారం భోజనాల వేళ బాలింత షెడ్డుకి వచ్చింది. తల మీది గుడ్డ టోపీ తియ్యలేదు, హాల్లోంచి తిన్నగా వచ్చినట్టుంది. డేగక్క పక్కన అట్టల మీద చోటు చేసింది. కూర్చోలేదు.

వెనక్కొచ్చిన సరుకంతా మళ్లీ చూస్తున్నారట. ఈసారి గాజు కోసం. డేగక్క ఆ పూట చూసిన ట్రేలు సూపర్‌వైజరు కావాలనే బాలింతకిచ్చాడట.

"ఏడు దొరికాయక్కా," అంది. "నీ ట్రేల్లో ఏడు. ఒకటైతే ఇంత."

చిటికెన వేలి గోరు చూపించింది.

డేగక్క చేతిలో ఉన్న అట్టకి అంచు నొక్కింది. ఆ ఏడింటి మీదా తన కళ్లు ఆగే ఉంటాయి. ఒక్కోదాని మీద అయిదు సెకన్లు.

"నా ఉద్యోగం నిలబెట్టావు. నీ కాళ్లు కడిగినా రుణం తీరదు," అంది బాలింత. "కానీ ఏడక్కా. నా బిడ్డలాంటి బిడ్డకి ఎక్కించేవాళ్లు. నిజంగానే వాటిని చూడకుండా నన్ను చూస్తూ కూర్చున్నావా?"

ఒక్క మాట చాలు. లేదు పిల్లా, నిన్ను చూడనే లేదు, వాటినే చూశాను, ఒక్కోదాన్నీ చూశాను అంటే చాలు. ఆ పిల్ల నోట్లో మాట దాగదు. సాయంత్రానికి హాలుకి తెలుస్తుంది, రేపటికి ఆఫీసరుకి. సాక్ష్యం చిరిగిపోతే మిగిలేది నిద్రపోయానన్న కాగితమే. పదకొండేళ్ల పేరు నాలుక చివరి దాకా వచ్చి నిలబడింది. డేగక్క దాన్ని మింగేసింది.

"ఆ. నిన్నే చూస్తూ కూర్చున్నా," అంది.

బాలింత కళ్లు తుడుచుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, టోపీ సర్దుకుని, పూట మొదలవుతోందని చెప్పి వెళ్లిపోయింది. ఆ తర్వాత బస్సులో కనబడినా డేగక్క పక్క సీట్లో కూర్చోలేదు.